రెండు స్టేషన్ల మధ్య

మామ చనిపోయిన వార్త నాకు మొదట తప్పుగా వినబడింది. బుక్కరాయసముద్రంలో మా బడి వరండాలో నిలబడి ఫోన్ ఎత్తాను. ధర్మవరం నుంచి అమ్మ. సిగ్నల్ సరిగా లేదు. "పోయి... అమ్మే... పొద్దున్నే..." అని మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "ఏం పోయింది? పెట్టెనా? బ్యాటరీలు మార్చి చూడు, ఆదివారం వస్తా" అని విసుక్కున్నాను. పాఠం మధ్యలో ఫోన్ వస్తే నాకు చిరాకు. ఆ గుణం ఎప్పటికి పోతుందో తెలియదు. ఈసారి అమ్మ గొంతు స్పష్టంగా వచ్చింది. "పెట్టె కాదమ్మే. పెట్టె చేసిచ్చినాయన పోయినాడు."

మామ మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్లవతల ఉండే రేడియో మెకానిక్. అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. మా వీధిలో అన్నీ కాళ్లు దించి నేసే మగ్గం గుంటలున్న ఇళ్లే, ఆయన ఇంట్లో మాత్రం గుంట లేదు. ముందుగది దుకాణం, వెనకగది సంసారం. రేడియోల కాలం వెళ్లి టీవీలొచ్చాయి, టీవీల కాలం వెళ్లి ఫోన్లొచ్చాయి, ఆయన బోర్డు మాత్రం మారలేదు. "రేడియో అని రాసింటే ముసిలోళ్లొస్తారు. వాళ్లయితే కూర్చుంటారు, నాలుగు మాటలు చెప్తారు" అనేవాడు. నిజానికి చివరి పదేళ్లూ ఆయన బాగుచేసినవి ఎక్కువగా మిక్సీలే.

దుకాణంలో మూలబల్ల మీద చెక్కపెట్టె రేడియో ఒకటి ఉండేది. తలుపు తీసినప్పటి నుంచీ అది మోగుతూనే ఉండేది గానీ పాట రాదు, వార్తలు రావు. తెలుగు స్టేషన్ అయిపోయి కన్నడ స్టేషన్ ఇంకా మొదలుకాని చోట ముల్లు ఆగి ఉండేది. అక్కడ వచ్చేది ఒకటే బుస. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "ఏమప్పా, ఊరందరి సెట్లూ పలికిస్తాండావు, నీ సెట్టుకు మాటే రాదేం?" అని ఎగతాళి చేసేవాళ్లు. మామ నవ్వేసేవాడు. మరీ మీదపడితే, "దానికి చెప్పేదేం లేదు. మీ మాదిరి కాదు" అనేవాడు. ఆ రేడియో పరీక్ష కోసం పెట్టుకున్నదని నేననుకునేదాన్ని.

అనుకోవడానికి కారణముంది. ఏ సెట్టు బాగుచేసినా ఆయన పాట పెట్టి చూసేవాడు కాదు. స్టేషన్ లేని చోట ముల్లు నిలిపి, సౌండు పెంచి, తల వంచుకుని వినేవాడు. "పాట మోసం చేస్తాది. పాట బాగుంటే సెట్టూ బాగున్నట్లే అనిపిస్తాది. బుస అట్ల కాదు. దానికి రాగం లేదు, ఎవురి పక్షమూ లేదు" అని ఆయన లెక్క.

ముదిగుబ్బలో మా చుట్టాల పెళ్లికి మైకుసెట్టు ఆయనదే. ముందురోజు సాయంత్రం ఖాళీ మండపంలో రెండు బాక్సుల్లోనూ ఆ బుసే పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లికూతురి తండ్రిలాగా మెల్లగా తిరిగాడు. వంటాయన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా ఇది! తాలింపు మాడిపోతాందని ఉరికొస్తి!" అందరం నవ్వాం. మామ నవ్వలేదు. మూడో స్తంభం దగ్గర ఆగి, ఇక్కడ చప్పుడు మొద్దుబారుతోందని చెప్పి బాక్సును రెండడుగులు జరిపించాడు. మర్నాడు మంగళసూత్రం మంత్రం ఆ మూలనున్న ముసలమ్మలకు కూడా వినబడింది. పెద్ద పెద్ద హాళ్లను ఇంజినీర్లూ ఇలాగే పరీక్షిస్తారని తర్వాత చదివాను. ఆ బుసలో సన్నని శబ్దం నుంచి లావు శబ్దం దాకా అన్నీ సమానంగా ఉంటాయి, అందువల్ల గోడలు ఏ శబ్దాన్ని మింగేస్తున్నాయో బయటపడుతుంది. ఆ మాట చెబితే, "అయితే వాళ్లూ తాలింపే పెడతారన్నమాట" అన్నాడు.

అమ్మ సంగతి చెప్పకుండా మామ సంగతి పూర్తికాదు.

నాయన పోయాక ఇంట్లో మగ్గం ఒంటరిగా నడపలేక అమ్మ మరమగ్గాల షెడ్డులో కూలికి చేరింది. పన్నెండేళ్లు చేసింది. చెవుల్లో దూది పెట్టుకోమని ఎంత చెప్పినా, "దారం తెగితే వినపడొద్దా?" అని వాదించేది. ఆ షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు, సైగలే. కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేవి. అందరూ హమ్మయ్య అని టీకి పోయేవాళ్లు. చివరి రెండేళ్లూ అమ్మకు అప్పుడే మొదలయ్యేది. చెవుల్లో సన్నని ఈల, ఆగకుండా. "తలకాయలో కీచురాయి దూరిందమ్మే" అనేది. సైన్సు టీచర్ని కదా, నేను చెప్పిన సమాధానం వినండి: "అంతా నీ భ్రమ. సరిగ్గా తిను, సరిగ్గా పడుకో." వీధివాళ్లు తాయెత్తు కట్టించమన్నారు. వాళ్లే నయం, ఏదో ఉందని నమ్మారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం షెడ్డులో కరెంటు పోయింది. అమ్మ టీకి పోలేదు, ఇంటికీ రాలేదు. నడుచుకుంటూ రైలు పట్టాల మీదికి పోయింది. గేటు దగ్గరి మనిషి చూసి, చెయ్యి పట్టి లాక్కొచ్చి నీడలో కూర్చోబెట్టాడు. నేను బస్సు దిగి పరుగున పోయేసరికి చెప్పులు లేని కాళ్ల వైపు చూసుకుంటోంది. "చావాలని పోలేదమ్మే. రైలొస్తే ఆ చప్పుట్లో ఇది వినపడదు గదా అని పోతి. ఆపైన ఏమనుకుంటినో నాకే తెలీదు" అంది.

మర్నాడే అనంతపురంలో చెవుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి ఒక చెవిలో సన్నని కూతలు వినిపించారు, రెండో చెవిలో బుస. అదెందుకని అడిగితే పరీక్ష చేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. బాగున్న చెవి ఊరుకోదట, పక్కచెవికి పెట్టిన శబ్దాన్ని కూడా తానే విని జవాబు చెప్పేస్తుందట. అందుకని దానికి ఈ రొద ఇచ్చి పక్కన కూర్చోబెడతారట. అమ్మ బయటికి వస్తూనే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఆ బుస ఉన్నంతసేపు కీచురాయి లేదమ్మే. మందులొద్దు. అదే ఇమ్మను." డాక్టరు నన్ను విడిగా పిలిచి, నరం దెబ్బతిందనీ ఈ ఈల ఇక పోయేది కాదనీ చెప్పాడు. రొదతో కప్పుకుంటూ బతకాలి, అందుకు యంత్రాలున్నాయి, బెంగళూరులో దొరుకుతాయి అన్నాడు. పోయేది కాదన్న మాట నేను అమ్మకు చెప్పలేదు.

తిరిగి వచ్చిన రోజే మామకు సంగతంతా చెప్పాను. ఆయన సోల్డరింగు చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత ప్రశ్నల మీద ప్రశ్నలు. "ఆ ఈల సన్నంగా ఉండాదా, కొంచెం లావా? చెవిలోనా, తలకాయ నడిమధ్యనా? ఎండపొద్దు ఎక్కువవుతాదా?" డాక్టరు కూడా అడగని ప్రశ్నలవి. ఒక మెకానిక్కుకు ఇవన్నీ ఎందుకు తోచాయో నేను ఆలోచించలేదు.

అటక మీది నుంచి పాత బిస్కెట్ల డబ్బా దించాడు. నిండా ట్రాన్సిస్టర్లు, వేలిగోరంతవి, మూడేసి కాళ్లవి. గరగరలాడే సెట్లలోంచి పీకేసినవి. ఇంకెవరైనా చెత్తలో వేస్తారు. ఈయన ఒక్కటీ పారెయ్యలేదు. "రొద చేసేదానికీ ఒక దినం పని దొరుకుతాది" అన్నాడు. వాటిలో ఒకదాన్ని తిప్పి కలిపి, రెండు చదరపు బ్యాటరీలిచ్చి, దానిలో పుట్టే చిన్న గలాటాను పెద్దది చేసి స్పీకరుకిచ్చాడు. దానిలోపల విద్యుత్తు ఒక వరసా క్రమమూ లేకుండా దూకుతుంది. కోట్ల చినుకులు పడ్డట్టు ఉంటుంది.

అమ్మను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఒక్కో ట్రాన్సిస్టరూ పెట్టి, కళ్లు మూసుకుని, తల వంచి వినేవాడు. "ఇది టపటప అంటాంది... ఇది గురక..." అని తీసేసేవాడు. పది పన్నెండు అయ్యాక ఒకదాని దగ్గర ఆగాడు. ఊపిరి కూడా ఆగినట్టే అనిపించింది. మెల్లగా, "పోయింది" అన్నాడు. అని, దాన్నే పెట్టెలో అతికించడం మొదలుపెట్టాడు.

నేను పకపకా నవ్వాను. మెకానిక్కుల భాషలో పోయిందంటే పనికిరానిదని కదా. ఐసీ పోయింది, కండెన్సరు పోయింది, ఇక కొత్తది వెయ్యాల. "పోయినదాన్నే పెడతాండావేం మామా?" అన్నాను. "మనకు పోయిందే కావాల" అన్నాడు, తలెత్తకుండా. ఎదురుగా అమ్మ చెవి మీద అదిమిపెట్టుకున్న అరచెయ్యి అప్పుడే దించింది. అది చూశాను. చూసి ఊరుకున్నాను. పెట్టె అమ్మ చేతికిస్తూ మామ, "పోతాది చెల్లెమ్మా. నాలుగు దినాలు ఇది పెట్టుకుంటే అదే పోతాది" అన్నాడు. అమ్మ తలూపింది.

సబ్బుపెట్టె అంత ఉండేది ఆ పెట్టె. అమ్మ దాన్ని చీర కొంగులో కట్టుకుని తిరిగేది. షెడ్డు మానేసి ఇంట్లో మళ్లీ మగ్గం గుంటలో దిగింది. ఒకరోజు మామ వచ్చినప్పుడు, ఈ చప్పుడుకు సైన్సులో తెల్లరొద అని పేరని చెప్పాను. "రొదకు రంగేందమ్మా?" అన్నాడు. ఏడు రంగుల చక్రాన్ని గిరగిరా తిప్పితే తెల్లగా కనబడుతుంది కదా, అలాగే అన్ని శబ్దాలూ సమానంగా కలిస్తే ఇది అని చెప్పాను. గుంటలోంచి అమ్మ తల ఎత్తింది. "మీ నాయన పోయినప్పుడు అందరూ తెల్లచీర కట్టుకోమనిరి. నేను కట్టుకోకపోతి. అన్న తెచ్చి చెవులకు కట్టినాడు చూడు!" ముగ్గురం నవ్వాం. అమ్మ అలా నవ్వి ఎన్నేళ్లయిందో.

ఇంకోసారి, పాత టీవీల్లో స్టేషన్ లేనప్పుడు చిమచిమలాడే చుక్కల్లో కొద్దిపాలు ఈ విశ్వం పుట్టినప్పటి వేడి తాలూకు మిగులేనని చెప్పాను. మామ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అంటే ఇన్నేండ్లూ నేను రిపేరు చేసి తీసేసింది దాన్నేనా? ముందే చెప్పింటే కొంచెం ఉంచుతుంటిని కదమ్మా" అన్నాడు. నాకిప్పటికీ ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ మాటే గుర్తొస్తుంది.

కిందటేడు పెట్టె మూగబోయింది. అప్పటికి మామ గుండెజబ్బుతో మంచం పట్టి ఉన్నాడు. ఇబ్బంది పెట్టడమెందుకని నేను ఫోన్‌లో వాన చప్పుడు దించి అమ్మకిచ్చాను. ఎంచక్కా ఉందనుకున్నాను. కాసేపటికి అమ్మ ఫోను నా ఒళ్లో పడేసింది. "ఇది జకార్డు వాన" అంది. మగ్గం మీద జకార్డుకు బెజ్జాలు కొట్టిన అట్టల దండ ఉంటుంది. దండ ఒక చుట్టు తిరిగిందంటే అదే పువ్వు మళ్లీ వస్తుంది. "అట్టలు తిరిగొచ్చినట్ల అదే వాన మళ్లా వస్తాంది. అదుగో, ఆ చిటుకు. ఇంకోసారి చిటుక్కుమంటాది చూడు." గడియారం పెట్టుకుని చూశాను. చిటుక్కుమంది. ముప్పై ఏళ్లు పూలు నేసిన మనిషి చెవిని నేనా మోసం చేసేది?

మామకు చెబితే మంచంలోనే పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెల్లెమ్మ చెవులు చెడినాయన్నోడెవడు?" రికార్డు చేసింది ఎంత పొడుగున్నా తిరిగి మొదటికి రావాల్సిందే, ఆయన ట్రాన్సిస్టరులో వచ్చేది మాత్రం ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు, ఎవరూ ముందుగా ఊహించలేరు గనుకే రహస్యపు తాళాలకు ఇలాంటి రొదలోంచే అంకెలు తీస్తారు అని చెప్పాను. "మన సీమ వానే నయం గదమ్మా. ఎప్పుడొస్తాదో దానికే తెలీదు" అన్నాడు. ఆ ఏడు వేరుశెనక్కాయ పొలాల్లోనే ఎండిపోయింది. ఎవరమూ నవ్వలేదు. డబ్బా తెమ్మన్నాడు. దిండ్లకు ఆనుకుని ఒక్కోటీ పెట్టి విన్నాడు. మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి కళ్లు మూసుకుని "పోయింది" అన్నాడు. అది ఆయన చేసిన ఆఖరి రిపేరు.

పదకొండో రోజు కర్మకు ధర్మవరం వెళ్లాను. రాప్తాడు దగ్గర మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లిపోయాక దుకాణం గదిలో అత్తా, అమ్మా, నేనూ మిగిలాం. మామ భార్యే అత్త. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మూలన రేడియో ఉంది, మోగడం లేదు.

"ఇల్లు కడిగేటప్పుడు ఎవురో ముల్లు తిప్పేసినారు. ఇప్పుడు పెడితే పాటలొస్తాండాయి. చావింట్లో పాటలేందని ఆపేసినా. నాకు తిప్పడం రాదు" అంది అత్త. అమ్మ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాక గొంతు తగ్గించి, "నిద్ర పట్టడం లేదమ్మే. ముప్పై ఏండ్లు ఆ బుస పక్కనే పండుకుంటి" అంది.

"మామకు పరీక్షకు కదా అది?" అన్నాను.

అత్త నా వైపు వింతగా చూసింది. "పరీక్షా? ఆయనకూ మీ అమ్మ జబ్బే. పెళ్లయిన కొత్తల్లోనే ఒకసారి ఆంప్లిఫయరు పేలినట్ల మోగి చెవుల్లో ఈల పట్టుకునింది. అది లేకపోతే అన్నం మింగుడు పడేది కాదు. ఎవురికీ చెప్పొద్దనేవాడు. చెవులు చెడిన మెకానిక్కు కాడికి సెట్టు ఎవురు తెస్తారు?"

పోయింది, పోయింది అని ఆయన అన్నదంతా చెవుల్లో గిర్రున తిరిగింది. పోయింది ట్రాన్సిస్టరు కాదు. ఆయన చెవిలోని ఈల. తన ఈలను కప్పిందేదో దాన్నే అమ్మకు ఏరి ఇచ్చాడు. తనకు ఏళ్ల తరబడి పోనిదాన్ని పట్టుకుని, నాలుగు దినాల్లో పోతుందని చెప్పాడు.

వెంటనే కోపం కూడా వచ్చింది, దాచను. అమ్మ కీచురాయి అని మొత్తుకున్న ఆ రెండేళ్లూ మందు రెండిళ్లవతల బల్ల మీద మోగుతూనే ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ పట్టాల దాకా పోయేది కాదు. నా మొహం చూసి అత్త కళ్లు తుడుచుకుంది. "మీ అమ్మ పట్టాల మీదికి పోయిన దినం ఆయన అన్నం ముట్టలేదు. దుకాణం కోసం నోరు మూసుకుంటిని, మనిషిని చంపుకుంటుంటిని అని గోడకేసి తల కొట్టుకున్నాడు. ఆ తప్పు ఎట్ల తీర్చాలో తెలీక చచ్చేదాకా కుమిలినాడు. మీ అమ్మకు చెప్పొద్దు తల్లీ. పోతాదని నమ్ముకొని ఉండాది."

"నాకు తెలుసులే వదినా" అంది అమ్మ గుమ్మంలోంచి. తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "పెట్టె చేసిన దినమే తెలుసు. అన్న పోయింది అన్నప్పుడే నా చెవిలోది కూడా పోయింది. అదే గడియలో. ఆ ఈల లేనోనికి ఏ రొద కావాలో ఎట్ల తెలుస్తాది? ఇది పోయేది కాదనీ అప్పుడే తెలిసింది. ఆయన మొగంలోనే కనపడింది."

"మరి ఆయనకు చెప్పలేదేం? కోపం రాలేదా నీకు?" అన్నాను.

"వచ్చింది. నాలుగు దినాలుండింది. చెప్పకపోతేనేం, చేసిచ్చినాడు గదా. నాకు తెలుసని తెలిస్తే ఆయన నా ఎదుట కూర్చోలేకపోతుండె. ఎదురుగా కూర్చునేదానికి నాకు ఒక మనిషి కావాల్నా లేదా?"

అని రేడియో ముందు కూర్చుంది. మీట నొక్కి ముల్లు తిప్పింది. సినిమా పాట ఒకటి గుప్పున వచ్చింది, దాటిపోయింది. తెలుగు మాటలు సన్నబడ్డాయి. కన్నడ మాటలు ఇంకా రాలేదు. జరీ పోగు సవరించేటప్పటిలాగా రెండు వేళ్లతో అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి జరిపి ఆగింది. బుస గదంతా నిండింది. అత్త గోడకు ఆనుకుని పదకొండు రోజుల తర్వాత మొదటిసారి నిమ్మళంగా కళ్లు మూసుకుంది. నేను డాక్టరు చెప్పింది దాచిన సంగతి ఇక చెప్పాల్సిన అవసరం లేదని తెలిసి సిగ్గుపడ్డాను.

ఎంతసేపు కూర్చున్నామో. ఉన్నట్టుండి కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. రేడియో ఆగింది. అత్త ఉలిక్కిపడి కళ్లు తెరిచి, మూగబోయిన ఆ రేడియో వైపు చూసింది. అమ్మ చెయ్యి చెవి మీదికి పోయింది. ఆ చేతినే దించి కొంగుముడి విప్పి, సబ్బుపెట్టె అంత ఉన్న పెట్టెను తీసి అత్తకూ తనకూ మధ్య నేల మీద పెట్టింది. మీట నొక్కింది. కళ్లు మూసుకుని, తల వంచి, అచ్చం మామలాగే కాసేపు ఆగింది.

"పోయింది" అంది.